డెంబా చెక్కిన ఉప్పుపలక

మధ్యాహ్నం బిడారు ఆగగానే ఒంటెల మీది ఉప్పుపలకలు దించి ఇసుకలో నిలబెట్టడం రోజూ ఉండే పనే. ఎండ తగలగానే పలకలు మాట్లాడతాయి. తఘాజా గనిలో తమని చెక్కుతూ బానిసలు ఏం మాట్లాడుకున్నారో అదే: తిట్లు, దగ్గులు, సగం సగం పాటలు. ఆ గొణుగుడు వింటూ అందరూ కునుకు తీసేవాళ్ళు.

ఆ రోజు ఎవరికీ కునుకు పట్టలేదు. నీళ్ళు పంపించమని ముందుగా వలాతా ఊరికి తోలిన మనిషి జాడ లేదు. తోలుతిత్తుల్లో తలా ఒక గుక్క మిగిలింది.

"మామా, రెండు ఒంటెల్ని కోసి కడుపులో నీళ్ళు తాగుదాం," అన్నాడు అఘాలి.

"రేపు గడుస్తుంది. ఎల్లుండి నన్ను కోస్తావా?" బిడారు పెద్ద యెద్దెర్ కసిరాడు.

"నవ్వకురా, నిజం," అంది ఒక పలక. గనిలో బానిస డెంబా గొంతు. పలక విరగ్గొట్టాడని గని దొరకి చెప్పి, కిందటి నెల వాడికి రోజంతా నీళ్ళు ఆపించింది యెద్దెరే.

పలక ఆగలేదు. "జంట నల్లగుట్టల నుంచి పొద్దుగూకే వైపు సగం రోజు నడిస్తే, బల్లపరుపు రాయి కింద బావి. నన్ను పట్టుకొచ్చినవాళ్ళు అక్కడే తాగించారు. చలికాలం రానీ, అటే పారిపోతా. ఎవరికీ చెప్పకు. ఈ బిడారు దొరలు దాహంతో చచ్చినా సరే."

జంటగుట్టలు పొద్దున దాటినవే.

"మన చావు కోరేవాడి మాట నమ్మి వెనక్కి పోదామా? ఈలోగా వలాతా నీళ్ళొస్తే?" అన్నాడు అఘాలి.

"మనం వింటామని వాడనుకోలేదురా. అబద్ధమాడే పనేముంది వాడికి?" అంటూ యెద్దెర్ ఒంటెని వెనక్కి తిప్పాడు.

దారిలో మూడు ఒంటెలు కూలాయి. ఒక మనిషిని మోసుకుంటూ నడిచారు. మర్నాడు పొద్దుగూకే వేళకి రాయి దొరికింది. నలుగురు కలిసి దాన్ని జరపగానే చల్లటి బురద వాసన కొట్టింది.

కడుపు నిండాక అఘాలి అన్నాడు: "డెంబా పారిపోయే సంగతి గని దొర చెవిన వేస్తే మంచి బహుమానమిస్తాడు మామా."

యెద్దెర్ గొడ్డలి తీసి ఆ పలకని ముక్కలు చేసి ఒంటెల ముందు పోశాడు. చివరి మాట దాకా నాకేశాయవి.

"ఏం విన్నావురా?"

అఘాలి ఒంటెల వైపు చూశాడు. "ఏమీ వినలేదు మామా."

చలికాలంలో వాళ్ళు మళ్ళీ తఘాజా చేరేసరికి గని దొర మండిపడుతున్నాడు. "డెంబాగాడు మొన్న పారిపోయాడు! దక్షిణానికి మనుషుల్ని పంపుతున్నా. నువ్వూ అటు నుంచే వచ్చావుగా, కనబడ్డాడా?"

"లేదు. ఆ వైపు నీటిచుక్క ఎక్కడుంది? ఈపాటికి ఎండిపోయుంటాడు," అన్నాడు యెద్దెర్. "ఒంటెల్ని చంపుకోకు."

దొర ఆగమని చెయ్యెత్తాడు. బయల్దేరబోతున్న మనుషులు ఒంటెల మీంచి దిగారు.