మధ్యలో గోడ ఉన్న గిన్నె

కూర రుచి చూసిన గరిటెను కోడలు మళ్లీ గిన్నెలో పెట్టిందని పొద్దున్నే అత్తగారు ఇల్లు పీకి పందిరేశారు.

"ఎంగిలి గరిటె! ఈ కూర నేను ముట్టను."

వేరు కాపురం సంగతి ఈ రాత్రికి భర్తతో తేల్చేయాలని కోడలు గట్టిగా అనుకుంది.

కర్టెన్ గుడ్డ కోసం బజారుకెళ్లిన అత్తాకోడళ్లిద్దరికీ మధ్యాహ్నానికి కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. ఎదురుగా కనిపించిన చవక చైనా హోటల్లో కూర్చున్నారు. బల్ల మధ్యలో పొయ్యి, దానిమీద అడ్డుగోడ ఉన్న గిన్నె. ఒకవైపు ఎర్రటి కారం చారు, రెండోవైపు చప్పటిది.

"ఇదేం చోద్యమే! హోటలుకొచ్చి కూడా మనమే ఉడకబెట్టుకోవాలా?"

"ఎవరి వైపు వాళ్లదే అత్తయ్యా. కారం మీది, చప్పటిది నాది."

పుట్టగొడుగులు ఉడికేసరికి అత్తగారికి హుషారొచ్చింది. చెంచాతో చారు జుర్రి, అదే చెంచా మళ్లీ గిన్నెలో ముంచారు.

"అత్తయ్యా... ఎంగిలి."



"మరుగుతున్నదానికి ఎంగిలేమిటే?" అనేసి, తన మాట తనకే వినబడి పకపకా నవ్వారు. "పొద్దున నీ కూరా మరుగుతూనే ఉంది కదూ! సర్లే, ఆ చప్పటిది కూడా కాస్త ఇలా పొయ్యి."

రాత్రి భోజనాల దగ్గర కోడలు వేరు కాపురం ఊసెత్తలేదు. భర్తకు అన్నం వడ్డిస్తూ చెప్పింది:

"రేపట్నుంచి పొద్దుటి వంట అత్తయ్యది, రాత్రి వంట నాది. ఒకరి వంటలో ఒకరం వేలు పెట్టం."