పేరు చెప్పని వాడ

వెర్జినే కూతురి నోట్లో చెంచాతో పెరుగునీళ్లు పోస్తోంది. పదహారేళ్ల అజ్నివ్‌కి రెండు చేతులూ మోచేతుల దాకా కట్లే. ఆస్పత్రి మందుల వాసన కంటే కాలిన బంకవాసనే ఎక్కువగా వస్తోంది, అదీ పిల్ల జుట్టులోంచి. లేబర్ ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వస్తాడన్నారు. ఆయన కంటే ముందే మిసాక్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

బూట్ల కార్ఖానా మిసాక్ అంటే, అరబ్బుల దేశంలో మేం తలదాచుకున్న బుర్జ్ హమ్ముద్‌లో తెలియనివాళ్లు లేరు. మా ఆడపిల్లలు సగంమంది అక్కడే బంక రాసి, అట్టలు కుట్టి బతుకుతున్నారు. గౌను కింద బూట్ల జత దాచుకుని పోతారని పొద్దున పని మొదలవగానే బయట తాళం వేయిస్తాడు. మొన్న బంక డబ్బా అంటుకున్నప్పుడు తాళంచెవి మిసాక్ జేబులో ఉంది, మిసాక్ కాఫీ కొట్లో పాచికలాడుతున్నాడు. వీధిలో పోతున్న కుర్దు కూలీ ఒకడు గునపంతో తలుపు పగలగొట్టాడు. అందరికంటే లోపల కూర్చునే అజ్నివ్ ఆఖరున బయటపడింది.

ఇన్‌స్పెక్టరుకి కావలసింది ఒకటే, తలుపుకి తాళం ఉందా లేదా అని. ఉందంటే మిసాక్ కోర్టుకెక్కాలి.

అయితే మిసాక్ ఆ మాట తిన్నగా ఎత్తలేదు. ఎత్తితే వాడు మిసాక్ ఎందుకవుతాడు? ఇద్దరూ ఒకే వాడలో పెరిగిన చిన్ననాటి ముచ్చట్లు మొదలెట్టాడు. వానొస్తే రేకులగుడిసెలో తల్లి ఏం చెబుతోందో పిల్లకి వినపడేది కాదు. వరసకంతటికీ ఒక్క కుళాయి, దాని దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్లు. ఆదివారం ఎవరింట్లో మాంసం కొట్టి రొట్టె మీద పరిచి రొట్టెలకొట్టు పొయ్యికి పంపినా, దారిలో ఒక ముక్క చింపుకోకుండా ఏ పిల్లా ఇల్లు చేరేది కాదు. పోగొట్టుకున్న ఊరి పేరే వాడకి పెట్టుకున్న మరాష్ వాళ్లం మేం. పక్క వాడలో మాలాగే ఊరు పోయిన సీస్ వాళ్లు. నది ఒడ్డున రెండు వాడల పిల్లలకీ రాళ్లయుద్ధం. మొగపిల్లలు విసరాలి, ఆడపిల్లలు ఒళ్లో రాళ్లేరి అందించాలి. వింటూ వింటూ వెర్జినే తనకి తెలియకుండానే నవ్వింది. ఎంత కష్టంలో ఉన్నా ఆ రోజుల మాట వస్తే మాకందరికీ అంతే. అదే మా జబ్బు.

ఒకరోజు మిసాక్ విసిరిన రాయి గురి తప్పి అటుగా వచ్చిన గస్తీ జవాను నుదుట తగిలింది. మొగపిల్లలంతా పారిపోయారు. ఒడి నిండా రాళ్లతో పదేళ్ల వెర్జినే దొరికిపోయింది. ఎవడు కొట్టాడో చెప్పమని జవాను చెంపల మీద కొట్టాడు, కొట్టాడు, కుడి చెవిలోంచి నెత్తురు వచ్చింది. ఆమె నోరు విప్పలేదు. ఆ చెవి మళ్లీ వినలేదు. మా వాడ మొత్తం ఆ పిల్లని ఎత్తుకుని తిప్పింది, ఇంటికొకరు హల్వా పెట్టారు. ఒక చెవికి ఖరీదుగా అది చాలనుకున్నాం.

"తలలు పగలగొట్టుకున్నాం, కడుపులు మాడ్చుకున్నాం. బయటోడికి పేరు చెప్పామా ఎప్పుడైనా?" అన్నాడు మిసాక్.

"చెప్పలేదు, మిసాక్ అగా." అయ్యగారిని మేం అగా అంటాం.

"ఇదీ అంతే అనుకో. కాఫీకని స్టవ్ నీ కూతురే వెలిగించిందంటే సరిపోతుంది. పిల్ల ఇకనుంచి నా ఇంటి పిల్ల."

సంఘం పెద్దలూ పొద్దున్నే వచ్చి అదే చెప్పి వెళ్లారు. ఈ దేశానికి మనం అతిథులమట, మన తగువు మనమే తీర్చుకోవాలట. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ గుట్టు గడప లోపల ఎందరిని నమిలి మింగిందో మా పెద్దలు ఏనాడూ అడగలేదు. వెర్జినే మళ్లీ చెంచా పిల్ల నోటికి అందించింది. ఆమెకి ఆ కార్ఖానా తప్ప వేరే కూడు లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మిసాక్ లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. తలుపుకి తాళం ఉందా అమ్మా అని ఇన్‌స్పెక్టరు ముందు పిల్లనే అడిగాడు.

అజ్నివ్ తల్లివైపు చూసింది. ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఆ జవాను కథ విన్న పిల్ల అది.

"లేదండీ. తలుపు తెరిచే ఉంది. స్టవ్ నేనే వెలిగించాను."

చెబుతున్నప్పుడు దాని ముఖం వెలిగింది. అంత నొప్పిలోనూ గర్వం. కూతురు తనంతటిదైందని వెర్జినే చూసింది. తాను ముద్దులతో కలిపి పెట్టిన విషం అది.

"అబద్ధమండీ," అంది వచ్చీరాని అరబ్బీలో. "అలా చెప్పడం దానికి నేనే నేర్పాను. తాళం వేసుంది. తాళంచెవి ఈయన దగ్గర ఉంది."

"ఏమే వెర్జినే," మిసాక్ మా భాషలో మెల్లగా అన్నాడు. "బయటోడి ముందరా?"

"తలుపు పగలగొట్టింది బయటోడేరా, మిసాక్."

పాతికేళ్ల తర్వాత ఆమె అతన్ని 'రా' అనడం అదే మొదలు. వార్డులో మావాళ్లు నలుగురైదుగురున్నారు, అందరూ తల దించుకున్నారు. ఇన్‌స్పెక్టరు యజమాని పూర్తి పేరు చెప్పమన్నాడు. వెర్జినే చెప్పింది, తండ్రి పేరుతో సహా.

అజ్నివ్ ముఖం గోడవైపు తిప్పుకుంది. తల్లి రెండుసార్లు పిలిచింది.