నీచు రానివ్వని ఇల్లు

గ్లాసు చూడగానే ఫిలిప్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. బొప్పాయి ఆకు దంచి పిండిన పసరు, పైన నురగ. దాని వెనకే రాగి జావ. పొద్దున జావ, మధ్యాహ్నం మెత్తటి అన్నంలో చారు, రాత్రి మళ్ళీ జావ. గొడ్డుకైనా అప్పుడప్పుడు మేత మారుస్తారు కదా అనుకున్నాడు.

ఉయ్యూరులో చెరకు మోపులు లారీలకు ఎత్తిన మనిషి అతను. రక్త క్యాన్సర్ అని తేలాక పటమటలో ఒక ఆసుపత్రిలో మొదటి విడత మందు ఎక్కించారు. గుడ్లు, చేపలు బాగా తినాలి, ఇంట్లో తిరుగుతుండాలి, కండ కరిగిపోతే రెండో విడత తట్టుకోలేరని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. కానీ అప్పటికే భార్య స్టెల్లా గుణదల మాతకు మొక్కేసుకుంది, ఆయనకు నయమయ్యేదాకా ఇంట్లోకి నీచు రానివ్వనని. పైగా మంచం దిగనిస్తే ఒట్టు. దొడ్డికి కూడా రెక్క పట్టుకుని తీసుకెళ్ళేది.

"కట్టుకున్నోణ్ణి పసిపిల్లోడిలా సాకతంది తల్లి!" అని చూడవచ్చిన ఆదెమ్మ పెద్దమ్మ మెచ్చుకుంది.

ఫిలిప్‌కి ఒళ్ళు మండింది. దుప్పటి కింద తొడ తడుముకున్నాడు. ఎముక, దాని మీద వేలాడే తోలు. ఛీ, ఇది నా కాలేనా అని ఏవగింపు పుట్టింది.

రెండో విడత మందుకని ఆసుపత్రికి వెళితే, డాక్టరమ్మ అతన్ని కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంది. లేవలేకపోయాడు. స్టెల్లా పట్టుకోబోతే ఆపింది.

"ఏం పెడుతున్నావమ్మా?"

స్టెల్లా గొప్పగానే చెప్పింది, మొక్కుతో సహా. డాక్టరమ్మ మొహం చిట్లించింది.

"ఈ ఒంటికి ఇస్తే మందే చంపేస్తుంది. కాస్త బలం వచ్చాక రండి. ఆలస్యమైతే జబ్బు తిరగబెడుతుంది, అదీ చెబుతున్నా."

ఇంటికి చేరగానే స్టెల్లా దారిలో కొన్న గుడ్లు పొయ్యి మీద పెట్టింది. ఆ వాసనకే ఫిలిప్‌కి డోకొచ్చింది. ఇన్నాళ్ళూ కలలోకి వచ్చిన తిండి, తీరా ఎదురుగా వస్తే రోతగా ఉంది.

"మొక్కు తప్పింది నేనండీ. పాపం నాకే తగలాలి" అంటూ గుడ్డు వలిచి అందించింది.

అప్పుడు చూశాడు ఆమె చెయ్యి. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. మొక్కు ఇల్లంతటికీ కదా, ఇన్నాళ్ళూ ఆమె తాగిందీ ఆ జావే. తన కాళ్ళను చూసుకుని అసహ్యించుకునే హడావిడిలో ఈ చేతిని చూడనే లేదు. ఇప్పుడు తన మీద తనకే రోత పుట్టింది.

"బాగయ్యాక మాత దగ్గరికి ఇద్దరం పోయి చెప్పుకుందాంలే. ముందు నువ్వు తిను."

"నేనెందుకండీ?"

"నువ్వు తింటేనే నేను తింటా."

స్టెల్లా ఏడుస్తూనే కొరికింది. ఫిలిప్ ముక్కు మూసుకుని, పైకి తన్నుకొస్తున్న డోకును అణుచుకుంటూ, తన చేతిలోది మింగాడు.