తమ్ముడికి వేసిన మార్కులు

అక్క నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆసుపత్రిలో ప్రశ్నలడిగే డాక్టరమ్మకి ఆ సంగతి తెలియదు పాపం.

"ముందు మీ తమ్ముడు దెబ్బ తగలక మునుపు ఎలా ఉండేవాడో చెప్పండి. నేనడిగే ఒక్కో మాటకూ మార్కు వెయ్యండి: అసలు కాదంటే ఒకటి, అచ్చంగా అంతే అంటే ఐదు. తర్వాత ఇప్పటి సంగతి అడుగుతాను" అంది.

తమ్ముడు లారీ మెకానిక్కు. జాకీ జారి తలకు దెబ్బ తగిలింది. ఎలాగో బతికి బట్టకట్టాడు. మాటొచ్చింది, నడకొచ్చింది, మనిషే రాలేదు. వాణ్ణి ఎత్తుకుని పెంచిన అక్కకు కావలసింది ఒక్కటే జవాబు: పాత తమ్ముడు మళ్లీ వస్తాడా, రాడా?

"వస్తువులు ఎక్కడివక్కడ పెట్టేవాడా?"

"వాడా! స్పానర్లు పక్క కింద దొరికేవి. ఒకటి వెయ్యండి."

"చీటికీ మాటికీ చిరాకు?"

"ముక్కు మీదే ఉండేది. ఐదు. ఆరుంటే ఆరు."

"ఎదుటివాళ్ల మాటకు సర్దుకుపోయేవాడా?"

"నేను ఎడ్డెమంటే వాడు తెడ్డెం!" అని పకపకా నవ్వింది.

ఇప్పటి సంగతికి వచ్చేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. ఇప్పుడు తువ్వాలు కూడా మడతపెట్టి దండెం మీద వేస్తాడు. కోపం లేదు. ఏం చెప్పినా సరేనంటాడు.

డాక్టరమ్మ లెక్క తేల్చింది. "కొత్తవాటి మీద ఆసక్తి తగ్గిందమ్మా, నలుగురిలో కలవడం తగ్గింది. పనిలో క్రమం, సర్దుకుపోవడం మాత్రం పెరిగాయి. చిరాకు పోయింది. కాగితం మీద చూస్తే ఐదింట్లో మూడు మెరుగే."

"మెరుగా!" అక్కకు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. "అవి వాడి వంకలు కావు తల్లీ, అదే వాడు. తిట్టానంటే ముద్దుకొద్దీ తిట్టాను. అన్నీ కొట్టేసి మళ్లీ రాయండి."

"రాసినా ఆయన మారడమ్మా. దెబ్బ తగిలి రెండేళ్లు దాటింది. ఇక ఇంతే అనుకోవాలి."

బయట బల్ల మీద తమ్ముడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంతసేపు కూర్చోబెట్టాను, విసుగు రాలేదురా?"

"లేదక్కా."

ఆవిడ వాడి పక్కన కూలబడింది. "ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి నన్ను తిట్టరా."

తమ్ముడు బుద్ధిగా ఆలోచించాడు. చెప్పిన పని చెయ్యాలనే ఉంది వాడికి.

"ఏమని తిట్టనక్కా?" అని అడిగాడు.