రెండక్షరాల దగ్గర ఆగిన కంప్యూటర్

ఉచితంగా వచ్చేది ఇలాగే ఏడుస్తుందమ్మా అన్నాడు, పిల్లలందరి ముందూ అన్నాడు, అని నవ్వాడు కూడా, మిరపకాయల కొట్టు మూసేసి ఈ సత్తెనపల్లిలో కంప్యూటర్ సెంటర్ తెరిచిన అంకమ్మరావుకు ఊరికే దొరికే లైనక్స్ గురించి ఏం తెలుసని ఆ నవ్వు, రెండేళ్ళుగా ఇక్కడ పాఠం చెబుతున్నది నసీమున్నీసా, మాట పడుతున్నదీ నసీమున్నీసానే, తెర మీద చూస్తే ఎల్, ఐ, రెండే అక్షరాలు, ఆపైన ఏమీ లేదు, నల్లగా మొండికేసి కూర్చుంది, పక్క గోడౌన్‌లోంచి కాయల ఘాటు కొట్టి తుమ్ము వచ్చింది, ఆ తుమ్ము మీద కూడా కోపమొచ్చింది ఆమెకు, సాయంత్రానికల్లా అంతా చెరిపేసి విండోస్ ఒక్కటే ఎక్కించమని చెప్పి ఆయన భోజనానికి వెళ్ళాడు, చెరిపేయడమంటే పలక తుడవడమనుకున్నాడేమో, లోపల తేజశ్రీ నాలుగు నెలలు కూర్చుని రాసిన ప్రాజెక్టు ఉంది, సోమవారం గుంటూరులో చూపించాలి, ఆ పిల్ల మేడమ్ నాది పోయిందా అని కూడా అడగకుండా వెనక బెంచీలో చున్నీ కొస నలుపుతూ కూర్చుంది, పోలేదమ్మా, డిస్కులో అన్నీ ఉన్నాయి, మిషన్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచి, విండోస్ కావాలా లైనక్స్ కావాలా అని అడిగి, అడిగినదాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంటుంది, దాని పేరు లైలో, తెర మీది ఎల్, ఐ దాని పేరులో మొదటి అక్షరాలే, దారి తప్పింది అదొక్కటే, తప్పించింది రహమానన్న.

హైదరాబాదులో ఉద్యోగం చేసే సొంత అన్న, పండక్కి వచ్చి, నీ ల్యాబ్ చూద్దాం పద అని నిన్న ఇదే కుర్చీలో కూర్చుని, ఇదేం చిందరవందరే అంటూ మిషన్ లేవడానికి కావలసిన బూట్ ఫైళ్ళన్నీ వేరే చోటికి సర్ది బస్సెక్కేశాడు, ఫైళ్ళున్న చోటు ఒకసారి రాసుకుంటే లైలో కళ్ళు మూసుకుని అక్కడికే పోతుంది, చోటు మారితే మళ్ళీ దానికి చెప్పాలి, ఒక్క కమాండ్, అంతే, పక్కనే టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ తనకు ఆ సంగతి తెలుసు, గొంతు దాకా వచ్చింది, మింగేసింది, ఎందుకు మింగావే అని ఇప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనుంది, నిరుడు లైనక్స్ ఎక్కించిన రోజూ ఇంతే, లైలోనా, అదే పని చేసే గ్రబ్బా అని తెర అడిగింది, గ్రబ్ అయితే ఫైలు పేరు చెబితే తానే వెతుక్కుంటుందని, తప్పు రాసినా అక్కడికక్కడే దిద్దుకోవచ్చని తను పుస్తకంలో గీత గీసి మరీ పెట్టుకుంది, అయినా అన్నకు ఫోన్ చేసింది, గ్రబ్ మంచిది కాదు, లైలో పెట్టు అన్నాడు, పెట్టింది.

లైనక్స్ సీడీ వేసి దాంతో మిషన్‌ను లేపింది, తేజశ్రీ ఫైళ్ళు కనిపించాయి, ఇక లైలో, గ్రబ్ రెండిట్లో ఒకటి ఎక్కించడమే మిగిలింది, మళ్ళీ చేయి ఫోన్ మీదికే పోయింది, ఆ చేతి మీద ఒళ్ళు మండింది, లైలోనే పెట్టు నసీమా, గ్రబ్ మంచిది కాదన్నానుగా అన్నాడు అన్న, ఎందుకు మంచిది కాదన్నా అంది, ఆ ప్రశ్న ఎన్నడూ అడిగి ఎరగదు, అవతల ఎవరో నవ్వుతున్నారు, ప్రింటర్ చప్పుడు, గొంతు తగ్గించి అన్నాడు, నాకు గ్రబ్ రాదే.

రాదట, రాదు అనడానికి నిరుటి నుంచీ నోరు రాలేదు, మంచిది కాదనడానికి మాత్రం వచ్చింది, రిసీవర్ విసిరికొట్టబోయి మెల్లగా పెట్టి కీబోర్డు దగ్గరికి లాక్కుంది, గ్రబ్ ఎక్కించి, విండోస్‌కో వరస, లైనక్స్‌కో వరస రాసి, మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేసింది, తెర మీద రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి, తేజశ్రీ పరుగున వచ్చి వెనక నిలబడింది, ఇదే మంచిదని ఎట్లా తెలుసు మేడమ్ అంది, చదివానమ్మా అంది నసీమున్నీసా, అన్నాక, తన మాట తన చెవిన పడ్డాక తట్టింది, నిరుడు ఫోన్ తీసేటప్పటికే తెలుసు, తెలుసునని అనడానికే భయపడింది.