జింక జవాబు

ఆ పాత ఇంగ్లీషు ప్రేమ పద్యమంటే లెక్చరరమ్మకు ప్రాణం. అందులో ప్రియుడు వేటగాడు, ప్రియురాలు జింక. ఇరవై ఏళ్లుగా క్లాసులో ఒళ్లు మరిచి చదువుతోంది. జింక గొంతు అందులో ఎక్కడా వినపడదని ఈ ఏడే తట్టింది.

"జింక తరఫున మీరు జవాబు రాయండర్రా," అంది.

సాయంత్రం స్టాఫ్ రూములో దిద్దుతుంటే ఒకమ్మాయి కాగితం చేతికొచ్చింది.

"జింక జవాబు రాయదు మేడమ్, చప్పుడవుతుందని ఊపిరి బిగబట్టుకుంటుంది. నాలుగు రోజులుగా ఒకడు ఈ పద్యమే చదువుతూ బస్టాపు నుంచి నా వెనకే వస్తున్నాడు. నీలం చొక్కా. కింది గుండీ ఒక్కటే తెల్లది."

ఆవిడ ఆఖరి వాక్యం మళ్లీ చదివింది. నీలం గుండీ దొరక్క, మొన్న కొడుకు చొక్కాకి తెల్లది కుట్టింది తనే. వాడికి ఆ పద్యం నేర్పిందీ తనే.