చెడిన ఒక్కపొద్దు

కస్తూరమ్మ ఉపవాసాల గురించి తిరుత్తణిలో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివాళ్లకు కస్తూరమ్మే చెబుతుంది. నెలనెలా కృత్తిక, షష్ఠి, రెండు ఏకాదశులు, ప్రతి మంగళవారం. ఇవి కాక ఎవరి మీదైనా కోపం వస్తే ఆ పూట కూడా. పగలంతా మంచినీళ్లతో ఉండి, దీపాలు పెట్టాక పలారం చేస్తుంది. ఆ పలారం ఏమిటయ్యా అంటే ఇడ్లీలు, వడలు, సేమ్యా పాయసం, అరటిపళ్లు, పైన గ్లాసు నిండా పాలు. అందులో అన్నం మెతుకు లేదు కనక అది భోజనం కాదు. భోజనం కాదు కనక ఒక్కపొద్దు నిలిచినట్టే. ఇంత తిన్నా ఆ మనిషి ఒంటికి పిసరంత కండ పట్టదు. అందుకు మాత్రం ఆమె తమ్ముడి పెళ్లాం పుష్పవల్లి దేవుణ్ణి ఇంకా క్షమించలేదు.

పుష్పవల్లిది భారీ శరీరం. ఆమె మొగుడు వెంకటాచలానికి కొండకు పోయే వీధిలో పాత్రల అంగడి ఉంది. బేరానికి వచ్చినవాళ్ల ముందే అతను పెద్ద ఇత్తడి అండాను వేలితో టంగుమని కొట్టి, "మా ఇంట్లో ఉండే అండా ముందర ఇది చిన్నదే సామీ" అని నవ్వించేవాడు. పెళ్లయిన కొత్తలో మొదలెట్టిన హాస్యం అది, ఇప్పటికీ అదే. పెళ్లాన్ని వెక్కిరించడానికైనా ఇంకో మాట వెతుక్కునే తెలివి లేదు మహానుభావుడికి.

ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో పుష్పవల్లికి నెలసరి మొదలైతే ఆగడం మానేసింది. నాలుగు అడుగులు వేస్తే కళ్లు తిరిగేవి. తిరువళ్లూరులో లేడీ డాక్టరు పరీక్ష చేసి, గర్భసంచిలో గడ్డ ఉంది, తీసెయ్యాలి అంది. కానీ ఈ బరువుకి, ఈ బీపీకి మత్తు ఇవ్వడం తన వల్ల కాదనీ, పది కిలోలు తగ్గి రమ్మనీ చెప్పింది. తగ్గకపోతే రక్తం ఇలాగే పోతుంది, చివరికి నేనూ ఏమీ చెయ్యలేను అని మొహం మీదే అనేసింది. రోజుకు పన్నెండు వందల కేలరీలు దాటకూడదంటూ, ఏ పూట ఏం తినాలో, ఏ గిన్నెతో ఎంత తినాలో నోటితోనే వివరంగా చెప్పి పంపింది.

తోడు వెళ్లిన కస్తూరమ్మ తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. అరక్కోణం దాటేసరికి ఆమెకు అంతా అర్థమైపోయింది.

"దాటకూడదు అని చెప్పింది గదా డాక్టరమ్మ. అంటే ఇది ఒక్కపొద్దే! నాకు తెలీని ఒక్కపొద్దు యాడుండాది? నువ్వు ఊరికే ఉండు పుష్పా, నేను నడిపిస్తా."

పుష్పవల్లి నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఉపవాసాల సంగతిలో వదినను మించిన పండితులు ఆ చుట్టుపక్కల లేరు కదా. మంగళవారం మంచిరోజని ఆ రోజే పసుపు గుడ్డలో కానుక ముడుపు కట్టించి, మరదలి చేత కేలరీల ఒక్కపొద్దు మొదలుపెట్టించింది కస్తూరమ్మ. కేలరీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు. దాటకూడనిది అన్నంత వరకే తెలుసు.

బుధవారం గడిచింది. గురువారం గడిచింది. శుక్రవారం పక్కింటి అలమేలు కూతురి సీమంతమని ఓళిగలు పంపింది. నెయ్యి కారుతున్న బొబ్బట్లవి. పుష్పవల్లి ఒకటి తిన్నది. తింటూ తలెత్తేసరికి గడపలో వదిన నిలబడి ఉంది.

"ఏమ్మే, తినేసినావా?"

"ఒకటే వదినా."

"ఒకటేంది, పదేంది? ఒక్కపొద్దు నాడు మెతుకు తగిలినా చెడినట్టే. చెడింది చెడిపోయ. ఇంక నోరు కట్టుకోని ఏమి లాభం? కూచో, తిను. మళ్లా మంగళారం మొదులుపెడదాం."

అని తట్ట తెచ్చి ముందు పెట్టింది. మామూలు రోజుల్లో మరదలికి రెండోసారి కూర వెయ్యాలంటే చెయ్యి రాని మనిషి, ఆ రోజు అడక్కుండానే ఓళిగ మీద ఓళిగ వేసింది. పుష్పవల్లి తిన్నది. ఆకలితో కాదు, అవమానంతో తిన్నది. ఎటూ చెడిపోయింది కదా అన్న నిశ్చింత కూడా అందులో కొంత ఉంది, ఆ మాట దాచడం ఎందుకు? శనివారం తిన్నది, ఆదివారం తిన్నది, సోమవారం ఇంకా తిన్నది, ఎందుకంటే మర్నాడు మంగళవారం. అలా వారం తిరక్కుండానే ప్రతిసారీ ఏదో ఒకటి తగిలేది. పెరట్లో ఎండబెట్టిన వడియం, అంగడి నుంచి వచ్చిన మిఠాయి పొట్లం. చెడడం, తినడం, మంగళవారం కోసం కూర్చోవడం. ఇంత నిష్ఠగా ఒళ్లు పెంచుకున్న మనిషి ఇంకొకరు ఉండరు.

రెండోసారి తిరువళ్లూరు వెళ్లినప్పుడు బరువు తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. కస్తూరమ్మ ఆ రోజు ఏకాదశి అని, ఆసుపత్రి గాలి తగలకూడదని బయట చెట్టు కింద ఉండిపోయింది. లోపల డాక్టరు బరువు చూసే మిషను వైపు, పుష్పవల్లి వైపు మార్చి మార్చి చూసింది. పుష్పవల్లి ఏడ్చేసింది.

"దాటేసినానమ్మా."

డాక్టరు అరవమ్మాయి, అయినా తెలుగు బాగానే అర్థమవుతుంది. దాటినప్పుడు ఏం తిన్నావని అడిగింది.

"ఒక ఓళిగ."

"తరవాత?"

"తరవాత మంగళారం దాకా అన్నీ."

"ఎందుకు?"

"చెడిపోయింది గదమ్మా."

ఏం చెడిపోయిందో డాక్టరుకు తెలియలేదు. పుష్పవల్లి ముక్కు చీదుకుంటూ ముడుపు దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. డాక్టరు మొదట నవ్వింది. తరవాత నవ్వు ఆపేసింది.

"పోనా పోగట్టుం!" అంది అరవంలో, పోతే పోనీ అని. "ఓళిగ తింటే ఓళిగ తిన్నట్టు, అంతే. అప్పుడప్పుడు దాటుతావు. అందరూ దాటుతారు, నేనూ దాటుతాను. ఆ తరవాతి పూట మళ్లీ మామూలుగా తిను. నువ్వు మంగళవారం కోసం కూచుంటే నీ కడుపులో గడ్డ కూచోదమ్మా. ఆడికృత్తిక అయిన వారానికి రా. అప్పటికైనా తగ్గుముఖం కనిపిస్తే ఆపరేషను చేస్తా. కనిపించలేదా, మదరాసు పెద్దాసుపత్రికి పో."

పుష్పవల్లికి ఒళ్లు మండిపోయింది. డాక్టరు మీద కాదు. ఇంత చిన్న మాట తనకు తట్టనందుకు, తట్టనివ్వనివాళ్ల మాట తలకెత్తుకున్నందుకు.

ఇంటికొచ్చి ముడుపు విప్పి హుండీలో వేయించేసింది. తరవాత కూడా దాటింది, దాటలేదని కాదు. ఒకరోజు వేరుశనగపప్పు ఉండ తిన్నది, ఒకరోజు పెరుగన్నం ఎక్కువైంది. "పోనా పోగట్టుం" అనుకుని చెయ్యి కడుక్కుని లేచింది. మర్నాడు బుధవారమైనా, గురువారమైనా పొద్దున్నే మళ్లీ తన రెండు ఇడ్లీలకే కూర్చుంది. రవికలు వదులయ్యాయి. వెంకటాచలం అంగట్లో అండా హాస్యం ఆడినప్పుడు ఒక బేరగాడు, "అమ్మ చిక్కిపోయినట్టుండాది గదా" అన్నాడట. ఆ పూట అంగట్లో ఎవరూ నవ్వలేదు.

కస్తూరమ్మకు మాత్రం ఇది కంట్లో నలుసైంది. "చెడినా చెడలేదని తిరిగే ఒక్కపొద్దు యాడన్నా ఉంటాదా? సిగ్గులేని ఒక్కపొద్దు!" అని వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పింది.

కొండ మీది మురుగనికి ఏటా జరిగే పెద్ద పండగ ఆడికృత్తిక వచ్చింది. వీధి పొడుగునా పూల కావళ్లు, పసుపు బట్టలు, అరోహరా అన్న కేకలు. వెంకటాచలం అంగడి వదిలి రాలేదు. కవరైపేట్టై నుంచి వచ్చిన చుట్టాలు కొండ దిగి, మధ్యాహ్నం తిని, బజారు చూడబోయారు. వాళ్లతో మాట్లాడుతూ పుష్పవల్లి ఒక వడ తిన్నది. ఇల్లు ఖాళీ కాగానే కస్తూరమ్మ వంటింట్లోకి వచ్చింది. ఆమె తెల్లారినప్పటి నుంచి పచ్చి మంచినీళ్లతో ఉంది, మొహం పీక్కుపోయి ఉంది.

"వడ తిన్నావు గదా. నేను చూళ్లేదనుకుంటివా?"

"తిన్నా వదినా. బాగుండాది."

"కృత్తిక నాడు చెడింది. ఇంక కూచో."

అరిటాకు వేసింది. పులిహోర పెట్టింది, వడలు పెట్టింది. పుష్పవల్లి నోట్లో నీళ్లూరిన మాట నిజం. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. కానీ ఆ ఆకు ముందు కూర్చుంటే మంగళవారం దాకా లేవనని ఆమెకు తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్లవలసింది వచ్చే వారమే.

"వద్దు వదినా. ఒకటి తిన్నా, చాలు. రేత్రికి ఒక ఇడ్లీ తగ్గించుకుంటా."

"తగ్గించుకుంటే చెడింది బాగవుతాదా? విరిగిన పాలు మళ్లా పాలవుతాయా?" అంటూ కస్తూరమ్మ పాయసం గిన్నె వంచింది. కోపంలో గిన్నె ఎక్కువ వంగింది. పాయసం బొటనవేలి మీదుగా మణికట్టు దాకా కారింది. ఏదో అనబోతూనే ఆమె చెయ్యి నోటి దగ్గరికి తీసుకుపోయి నాకేసింది.

నాకిన తరవాత తెలిసింది.

వీధిలో ఎవరి కావడో మోగుతూ పోయింది. పుష్పవల్లి గొంతులోకి మాటలన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. మెతుకు తగిలినా చెడినట్టే కదా వదినా, చెడింది చెడిపోయ, ఇంక కూచో. ఇన్నాళ్లూ తిన్న మాటలన్నీ వడ్డించెయ్యడానికి ఇంతకంటే మంచి పూట దొరకదు. కానీ వదిన మొహం చూసింది. ముప్పై ఏళ్లకే మొగుడు పోయి తమ్ముడి పంచన చేరిన మనిషి. ఈ ఇంట్లో అంగడి ఆమెది కాదు, వంటిల్లు ఆమెది కాదు. చెడకుండా నిలిచిన ఆ ఒక్కపొద్దులే ఆమెవి. పుష్పవల్లికి జాలేసింది, జాలేసినందుకు తన మీద తనకే విసుగూ వేసింది.

"ఏమీ కాలే వదినా," అంది. "నోరు పుక్కిలించుకోని రా. పోనా పోగట్టుం."

కస్తూరమ్మ కళ్లు ఎర్రబడ్డాయి.

"నన్నూ నీ మాదిరి అనుకుంటివా? ముక్కా చెక్కా ఒక్కపొద్దులు నీకు. నాకు ఉంటే మొత్తం ఉండల్ల, పోతే మొత్తం పోవల్ల!"

అని మరదలి కోసం వేసిన ఆకు ముందు తనే కూర్చుంది. పులిహోర తిన్నది. వడలు తిన్నది. కన్నీళ్లు పాయసంలో పడుతుంటే ఆ పాయసం కూడా తాగింది. ఆకలి తీరినా ఆపలేదు, మళ్లీ వెయ్యమంది. పుష్పవల్లి వడ్డించింది. ఇన్ని వారాలూ తాను ఎలా తిన్నదో ఎదురుగా కూర్చోబెట్టి చూపించినట్టుంది ఆమెకు. చూడడానికి ఏమాత్రం బాగాలేదు.

ఆకు ఖాళీ అయ్యాక కస్తూరమ్మ తలెత్తకుండానే పక్కన నేల మీద చేత్తో తట్టింది.

"నువ్వూ కూచో పుష్పా. నీదీ చెడింది, నాదీ చెడింది. ఇంక ఎవురి కోసం?"

పుష్పవల్లి పాయసం గిన్నె మీద మూత పెట్టింది.

"నేను రేత్రికి తింటా వదినా," అంది. "ఇంకా శానా పొద్దుంది."